మైదానం బయటి మనిషి: హర్షా భోగ్లే

(వార్షికోత్సవ సభలో విద్యా కమిటీ తరఫున విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆటల్లో పేరు తెచ్చుకున్న వారి గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీ మమ్మల్ని కోరింది. అజహరుద్దీన్ గురించి, సిరాజ్ గురించి మేము కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆటో నడిపిన తండ్రి కొడుకు టెస్ట్ ఆటగాడైన సంగతి ఇక్కడున్న పిల్లలందరికీ మాకంటే బాగా తెలుసు. అందుకని అసలు దేశానికి ఆడని మనిషి గురించి మాట్లాడతామన్నాం. అధ్యక్షులవారు సరేనన్నారు.

దానికి ఒక కారణముంది. ఈసారి విద్యార్థి వేతనాల దరఖాస్తుల్లో ‘చదువయ్యాక ఏమి కావాలనుకుంటున్నావు’ అన్న చోట ఒక ఇంటర్ విద్యార్థి ‘క్రికెట్ కామెంటేటర్’ అని రాశాడు. మిగతావన్నీ డాక్టరు, ఇంజనీరు, పోలీసు, టీచరు. ఆ ఒక్క కాగితం మీద కమిటీలో గంటసేపు వాదన నడిచింది. ‘ఇది నలుగురు నమ్మి మన చేతిలో పెట్టిన సొమ్ము, అమానత్. మాట్లాడటం నేర్చుకుంటానన్న కుర్రాడికి ఎలా ఇస్తాం?’ అన్నారు కొందరు. ‘మాట్లాడటం కూడా పనే, దానితో ఇల్లు గడుపుకుంటున్నవాళ్ళు లేరా?’ అన్నారు ఇంకొందరు. రెండు మాటల్లోనూ న్యాయముంది. ఆ వాదన తేలాలంటే ఆ పనిలో బతికిన ఒక మనిషి జీవితాన్ని దగ్గరగా చూడాలి. మన హైదరాబాదులో పుట్టినవాడే దొరికాడు.

హర్షా భోగ్లే 1961 జూలై 19న హైదరాబాదులో పుట్టారు. ఇంటి భాష మరాఠీ. తండ్రి ఫ్రెంచి ప్రొఫెసరు, తల్లి సైకాలజీ ప్రొఫెసరు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్ చేశారు. ఆ తర్వాత అహ్మదాబాద్ ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివారు. క్రికెట్ కూడా ఆడారు. హైదరాబాదు లీగులో ఆడి, అంతర్ విశ్వవిద్యాలయాల రోహింటన్ బారియా పోటీల్లో ఉస్మానియా తరఫున దిగారు. ఆటలో ఆయన ప్రయాణం అక్కడితో ఆగింది. అక్కడ ఆగిపోయినవాళ్ళు ఊరికి వందమంది ఉంటారు. మన ఖమ్మం సర్దార్ పటేల్ స్టేడియంలో సాయంత్రం నాలుగింటికి నిలబడితే అలాంటివాళ్ళు ఎంతమందో కనబడతారు.

ఆయన పందొమ్మిదో ఏట, ఇంకా చదువుకుంటూనే, ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో మైకు ముందు కూర్చున్నారు. ఈ సంగతి పిల్లలు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు మనం టీవీలో చూసే ఆ కోటూ, ఆ నవ్వూ తర్వాతి సంగతులు. మొదట రేడియో వచ్చింది.

రేడియోలో వ్యాఖ్యానం అంటే ఏమిటో నేటి పిల్లలకు కాస్త చెప్పాలి. వినేవాడికి కళ్ళు లేవనుకోండి. బౌలరు ఏ చివర నుంచి వస్తున్నాడు, ఫీల్డర్లు ఎక్కడ నిలబడ్డారు, బంతి ఎటు పోయింది, ఎవరు ఆపారు, ఎన్ని పరుగులు, ఇప్పుడు మొత్తమెంత, ఇదంతా తర్వాతి బంతి పడేలోగా చెప్పాలి. ఒక్కటి వదిలేసినా వినేవాడు చీకట్లో పడతాడు. స్కోరు చెప్పడం మరిచిపోతే, అప్పుడే రేడియో పెట్టినవాడు తిట్టుకుంటాడు. ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని స్కోరు విన్న పెద్దలు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళకు మేము చెప్పేది అర్థమవుతుంది. టీవీలో సంగతి తిరగబడుతుంది. బొమ్మ ఎదురుగా ఉంది. అక్కడ చూసినదాన్నే మళ్ళీ చెబితే విసుగు. కనబడనిది చెప్పాలి, లేదా నోరు మూసుకోవాలి. ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ రిచీ బెనో ఈ మూసుకోవడంలో ఆరితేరినవాడు. మన టీవీల్లో ఆ విద్య ఇంకా రావాల్సి ఉంది, ముఖ్యంగా తెలుగులో!

భోగ్లేకు ముందు మన దేశంలో ఈ పని చేసినవాళ్ళను కూడా తలచుకోవాలి. 1934లో బొంబాయిలో పార్సీల జట్టుకూ ముస్లింల జట్టుకూ చతుర్ముఖ పోటీల్లో జరిగిన మ్యాచికి ఏ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ అనే పార్సీ పెద్దమనిషి రేడియోలో వ్యాఖ్యానం చేశాడు. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానానికి ఆయనతోనే మొదలు. మైకును ఇంకొకరితో పంచుకోవడం ఆయనకు గిట్టేది కాదు, రోజంతా ఒక్కడే మాట్లాడేవాడు. రేడియోవాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని పెడతామంటే తప్పుకున్నాడు. పత్రికల్లో శీర్షికలు మాత్రం ముసలితనం దాకా రాస్తూనే ఉన్నాడు. మాట ఆగినా కలం ఆగలేదన్నమాట. హిందీలో జస్‌దేవ్ సింగ్ ఉన్నారు. 1948లో గాంధీజీ అంతిమయాత్రకు మెల్విల్ డి మెలో చెప్పిన వ్యాఖ్యానం రేడియోలో విని తానూ ఆ పనే చేయాలనుకున్నాడట. 1975లో కౌలాలంపూర్‌లో మనవాళ్ళు పాకిస్తాన్‌ను 2–1తో ఓడించి హాకీ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు దేశమంతా విన్నది ఆయన గొంతే. తొమ్మిది ఒలింపిక్స్ చూసి చెప్పిన మనిషి. ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది 2008లో.

మళ్ళీ భోగ్లే దగ్గరికి వద్దాం. 1985లో అహ్మదాబాదులో చదువయ్యాక ఆయన ప్రకటనల కంపెనీలో ఉద్యోగానికి చేరారు. తల్లిదండ్రులు ఇక్కడ చెవులు రిక్కించాలి. ‘నాకు మైకు ఉంది, ఉద్యోగమెందుకు’ అని ఆయన అనలేదు. అప్పట్లో అలా అనగలిగే పరిస్థితీ లేదు. దేశంలో ఉన్నది ఒక్క ఆకాశవాణి, ఒక్క దూరదర్శన్. రోజువారీ ఇచ్చే ఆ కాస్త పారితోషికంతో ఇల్లు గడవదు. ఉద్యోగం చేస్తూనే రాశారు, మాట్లాడారు. 1991–92లో భారత జట్టు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు అక్కడి ఏబీసీ రేడియో ఆయనను వ్యాఖ్యానానికి పిలిచింది. ఆ సంస్థ ఒక భారతీయ వ్యాఖ్యాతను అలా పిలవడం అదే మొదలు. అప్పటికి ఆయన వయసు ముప్పై. ఆ తర్వాత బీబీసీ రేడియోకూ పనిచేశారు.

ఇక్కడ ఒక కోర్టు తీర్పు సంగతి చెప్పక తప్పదు. ఆటకూ దానికీ ఏమిటి సంబంధం అనుకోవద్దు. 1993లో హీరో కప్పు జరిగినప్పుడు ఆటను టీవీలో చూపే హక్కు ఎవరిదని బెంగాల్ క్రికెట్ సంఘానికీ ప్రభుత్వానికీ పెద్ద తగాదా వచ్చింది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, గాలిలో పోయే తరంగాలు ప్రజలందరి ఆస్తి, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదని తేల్చింది. ఆ కాలంలోనే విదేశీ ఛానళ్ళు మన ఇళ్ళలోకి వచ్చాయి. వాటికి మన ఆటను మనవాళ్ళకు అర్థమయ్యేలా, ప్రపంచం ముందు తడబడకుండా చెప్పగలిగే మనిషి కావాల్సి వచ్చింది. 1995 నుంచి ఈఎస్‌పీఎన్, స్టార్ స్పోర్ట్స్ తెర మీద భోగ్లే కనబడ్డారు. అదృష్టమందామా? తలుపు తెరుచుకున్న రోజుకు ఆయనకు మైకు ముందు పదిహేనేళ్ళ అనుభవం ఉంది. అదృష్టం కలిసొచ్చింది, కానీ ఆయన సిద్ధంగా ఉన్నాడు.

మాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఆయన పని చేసే తీరు. వ్యాఖ్యాతల గదిలో సాధారణంగా ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఒకరు జరుగుతున్నది నడిపిస్తారు, పక్కనున్న మాజీ ఆటగాడు అది ఎందుకు జరిగిందో చెబుతాడు. చెవిలో ప్రొడ్యూసర్ గొంతు వినబడుతూనే ఉంటుంది. పక్కన గవాస్కర్, రవిశాస్త్రి లాంటివాళ్ళు ఉన్నప్పుడు ఒక్క టెస్ట్ కూడా ఆడని మనిషి ఏం చెప్పాలి? భోగ్లే అడగడం ఎంచుకున్నారు. ఇంట్లో కూర్చున్న మనకు ఏ సందేహం వస్తుందో అదే ఆయన అడుగుతారు. ‘ఇక్కడ స్లిప్‌ను ఎందుకు తీసేశారు?’ ‘ఈ బ్యాట్స్‌మన్ ఇవాళ క్రీజు బయట నిలబడుతున్నాడు, ఎందుకు?’ అన్న తరహా ప్రశ్నలు. అలా అడగాలంటే ముందు తాను గమనించి ఉండాలి. అడిగాక అవతలివాడిని చెప్పనివ్వాలి. వినడానికి తేలికగా ఉంటుంది గానీ, పదిమందిలో తనకు తెలిసినా మరొకరి చేత చెప్పించడం ఎంత కష్టమో కమిటీ మీటింగుల్లో కూర్చునేవారికి తెలుసు.

ఆడనివాడివి నీకేం తెలుసు అన్న మాట ఆయనను వదల్లేదు. 2019 నవంబరులో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో గులాబీ బంతితో టెస్ట్ జరుగుతోంది. బంతి సరిగా కనబడుతుందో లేదో ఆటగాళ్ళనే అడిగితే మంచిదని భోగ్లే అన్నారు. నువ్వు అడగాలేమో, ఆడినవాళ్ళకు తెలుస్తూనే ఉంటుందన్న అర్థంలో పక్కనున్న సంజయ్ మంజ్రేకర్ గాల్లోనే అనేశాడు. దేశమంతా విన్నది. అలా అనకుండా ఉండాల్సిందని తర్వాత మంజ్రేకరే ఒప్పుకున్నాడు. ఆ రోజు భోగ్లే గొంతు పెంచకుండా, ప్రశ్న వేయడం మానకుండా మాట్లాడారు. మన పిల్లలు వెతుక్కుని చూడదగ్గ నిమిషమది. ‘నువ్వు ఎక్కడినుంచి వచ్చావు, నీకేం తెలుసు’ అన్న మాట వీళ్ళు కూడా రేపు ఏదో ఒక గదిలో వింటారు.

రాతపనికి వస్తే, ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో ఆయన రాసిన శీర్షికలు ‘అవుట్ ఆఫ్ ది బాక్స్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. భార్య అనితతో కలిసి ఆటల నుంచి మేనేజర్లు ఏం నేర్చుకోవచ్చో ఒక పుస్తకం రాశారు. అంతకంటే ముందు, 1994లో, అజహరుద్దీన్ జీవితచరిత్ర రాశారు. తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టిన హైదరాబాదు కుర్రాడి కథను అదే ఊరి ఇంకో కుర్రాడు రాశాడు. ఒకరు ఆల్ సెయింట్స్ బడి, నిజాం కాలేజీ. ఇంకొకరు పబ్లిక్ స్కూలు, ఉస్మానియా. ఊరు ఒక్కటే. ఆ పుస్తకం వచ్చిన ఆరేళ్ళకు, 2000లో, మ్యాచ్‌ఫిక్సింగ్ ఆరోపణల మీద బోర్డు అజహర్‌ను జీవితకాలం నిషేధించింది. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. ఆటగాళ్ళ గురించి రాసేవాడి కష్టం ఇక్కడే ఉంది. కాగితం మీద పెట్టిన మాట అక్కడే ఉంటుంది, మనిషి కథ మాత్రం ముందుకు పోతూ ఉంటుంది. ఎవరినీ ఆకాశానికెత్తకుండా, ఎవరినీ పాతాళానికి తొక్కకుండా రాయడం ఆటల పేజీలో వార్త రాసే ప్రతి కుర్రాడూ నేర్చుకోవాల్సిన విద్య. సెల్‌ఫోన్లో ఒక్క ఓటమికే ఆటగాడి ఇంటివాళ్ళను తిట్టే ఈ కాలంలో మరీను.

ఇక అమానత్ గురించి వాదించిన మన పెద్దలకు బలాన్నిచ్చే సంగతి. 2016 ఏప్రిల్. ఐపీఎల్ మొదలవబోతోంది. అప్పటికి దేశంలో అందరికంటే తెలిసిన క్రికెట్ గొంతు భోగ్లేది. సరిగ్గా అప్పుడే ఆయనను వ్యాఖ్యాతల జాబితా నుంచి తీసేశారు. బోర్డు కారణం చెప్పలేదు. ఎందుకో తనకు ఎవరూ చెప్పలేదని ఆయనే రాశారు. ఆ ముందు నెలలో టి20 ప్రపంచ కప్పు జరుగుతుండగా, మన వ్యాఖ్యాతలు మనవాళ్ళ కంటే ఇతర జట్ల ఆటగాళ్ళ గురించి ఎక్కువ మాట్లాడుతున్నారని అమితాబ్ బచ్చన్ ట్వీట్ చేయడం, ధోనీ దానికి వంతపాడటం జరిగాయి. ఆ మాటకూ ఈ తీసివేతకూ ముడిపెట్టినవారు ఉన్నారు. రుజువు లేదు కాబట్టి మేము ముడిపెట్టం. మాకు కావలసింది ఇంతవరకే: ముప్పై అయిదేళ్ళ అనుభవం, యాభై నాలుగేళ్ళ వయసు, ఒక్క ఫోను చాలు, పని పోయింది. ప్రావిడెంట్ ఫండు లేదు, యూనియన్ లేదు. సింగరేణిలో పనిచేసిన మన నాన్నలకు ఇది వింతగా ఉంటుంది. తర్వాత ఆయన మళ్ళీ మైకు ముందుకు వచ్చారు, ఇప్పటికీ చెబుతున్నారు. ఆ మధ్యకాలంలో ఆయనను నిలబెట్టింది గొంతు ఒక్కటే కాదు. కంపెనీలకు వెళ్ళి మాట్లాడగలిగే చదువుంది, రాయగలిగే చెయ్యి ఉంది.

అందుకే ఆ దరఖాస్తు విషయంలో మేము ఇలా తేల్చాం. డిగ్రీ చదువుకు వేతనం ఇవ్వాలి. కామెంటరీ మాట దరఖాస్తులో ఉన్నందుకు కొట్టివేయకూడదు. చదువు మాత్రం వదలకూడదు. ఎకనామిక్స్ అయినా, తెలుగు అయినా, కంప్యూటర్ అయినా, పట్టా చేతికి రావాలి.

ఒక తేడాను కూడా దాచకుండా చెప్పాలి. భోగ్లే ఇంట్లో ఇద్దరు ప్రొఫెసర్లు. ఇంటి నిండా పుస్తకాలు, బడిలో ఇంగ్లీషు. మన పిల్లల్లో కొందరి ఇళ్ళల్లో దినపత్రిక కూడా రాదు. చర్ల దాటితే ఫోనులో సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ‘ఆయన చేశాడు, నువ్వూ చెయ్యి’ అని చెప్పేసి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు.

కానీ ఆయనకు లేనిది వీళ్ళకు ఒకటి ఉంది. ఈ అడవి అంచున పెరిగిన పిల్లవాడు ఇంట్లో అమ్మీతో ఉర్దూ మాట్లాడతాడు, బడిలో తెలుగు, సంతలో కోయవాళ్ళతో నాలుగు కోయ ముక్కలు, లారీ డ్రైవర్లతో హిందీ. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి గానీ ఆ పిల్లల మాట ఇంకా మన మాటే. నాలుగు భాషల మధ్య తడుముకోకుండా గెంతే ఈ నాలుకను మనవాళ్ళు లోపమనుకుంటున్నారు. ‘నీ తెలుగులో ఉర్దూ యాస ఉంది, నీ ఉర్దూలో తెలుగు యాస ఉంది’ అని రెండు వైపులా వెక్కిరిస్తే పిల్లవాడు నోరు విప్పడం మానేస్తాడు. ఇంటర్వ్యూలో తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోతుంది. మాకు తెలిసిన నష్టాల్లో ఇది పెద్దది.

కాలం కూడా మారింది. 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చింది. క్రికెట్టూ కబడ్డీ తెలుగులో చెబుతున్నారు. వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్ లాంటి మాజీ ఆటగాళ్ళు తెలుగులో మాట్లాడుతున్నారు. ఆటగాళ్ళు నిపుణులుగా వస్తారు. పక్కన నడిపించేవాడు, అడిగేవాడు, లెక్కలు తీసిచ్చేవాడు, వార్త రాసేవాడు కావాలి. ఆ చోట్లు ఆడనివాళ్ళవి. ఒక్కటే మనవి. సినిమా డైలాగులు, కేకలు కొంతసేపు బాగుంటాయి, ఇరవై ఓవర్లు వినలేం. కబడ్డీ కూత మన పల్లెల్లో పుట్టింది, దాని మాటలన్నీ మన దగ్గర ఉన్నాయి. వాటిని వదిలి ఇంగ్లీషు మాటలకు తెలుగు క్రియలు తగిలించడం దేనికి?

చేయగలిగిన పనులు చిన్నవే. కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం ఉంది. యువతకు రేడియోలో అవకాశాలు ఎలా ఇస్తారో కనుక్కోవడానికి అక్కడికి వెళ్ళాలి, అడగాలి, ఆడిషన్ ఉంటే ఇవ్వాలి, పోతే మళ్ళీ ఇవ్వాలి. మన సంఘం చదువుల గదిలో ఒక తెలుగు, ఒక ఉర్దూ, ఒక ఇంగ్లీషు పత్రిక వేయించడానికి కమిటీ ఒప్పుకుంది. ఆటల పేజీ చించుకుపోకూడదని మనవి! ప్రతి ఆదివారం ఒక పిల్లవాడు ఒక మ్యాచి గురించి రెండు వందల మాటలు రాసి గోడకు అంటించాలి. అమ్మాయిలు కూడా రాయాలి. మహిళల క్రికెట్టును మన అమ్మాయే చెబితే వినడానికి ఎంత బాగుంటుందో ఊహించండి.

ఇంకొకటి. చలికాలంలో మన సంఘం పిల్లల టోర్నమెంటు జరుపుతుంది కదా. ఈసారి మైకులో స్కోరు చెప్పడానికి టెంటువాళ్ళ మనిషిని పెట్టడం లేదు. ఇద్దరిద్దరు పిల్లలు కూర్చుంటారు. ఒకరు జరిగేది చెబుతారు, ఒకరు అడుగుతారు. పది ఓవర్లు తెలుగులో, పది ఓవర్లు ఉర్దూలో. ఎవరి యాసనూ ఎవరూ వెక్కిరించకూడదన్నది ఒక్కటే నియమం. స్కోరు మాత్రం ప్రతి ఓవరు చివర తప్పకుండా చెప్పాలి. చెప్పదలచుకున్నవాళ్ళు ఇవాళ భోజనాలయ్యాక బయట రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పేరు, తరగతి, ఊరు రాయించండి. దూరం నుంచి వచ్చేవారికి బస్సు ఛార్జీలు కమిటీ ఇస్తుంది.